ఊత్తుకోట నుంచి పూండి దాకా: కృష్ణా కాలువ గట్టు మీద గ్రావెల్ సైకిల్

చెన్నైలో ఉంటూ మట్టి, కంకర దారులకు పనికొచ్చే గ్రావెల్ సైకిల్ తొక్కాలనుకునే తెలుగువాళ్ళు ముందుగా వెళ్ళాల్సింది ఆంధ్ర సరిహద్దు పక్కనే తమిళనాడులో ఉన్న ఊత్తుకోటకే అని నా గట్టి నమ్మకం. అక్కడి నుంచి పూండి చెరువు దాకా కృష్ణా కాలువ గట్టు మీద సాగే దారికి సాటి వచ్చేది నగరం చుట్టుపక్కల నాకు ఇంతవరకు దొరకలేదు. ఏర్పాట్ల సంగతికొస్తే మాత్రం, బస, భోజనం, రిపేరు, ఈ మూడింటికీ మన జాగ్రత్తలో మనం ఉండాలి. అందుకే దారి గురించి ఎంత చెబుతానో వాటి గురించీ అంతే చెబుతాను.

శ్రీశైలం జలాశయంలోని కృష్ణా నీళ్ళు పోతిరెడ్డిపాడు దగ్గర మళ్ళి, సోమశిల మీదుగా కండలేరు చేరి, అక్కడి నుంచి 152 కిలోమీటర్లు ఆంధ్రప్రదేశ్‌లో పారి తామరకుప్పం దగ్గర తమిళనాడులో అడుగుపెడతాయి. ఆ చోటిని జీరో పాయింట్ అంటారు. అక్కడి నుంచి పూండికి కాలువ పొడవు 25 కిలోమీటర్లు. ఈ నీళ్ళు తెచ్చే తెలుగుగంగ పథకం 1983లో, ఇక్కడ ఎన్టీఆర్, అక్కడ ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉండగా మొదలైంది. నీళ్ళు పూండికి చేరింది 1996లో. మట్టికాలువలో చాలా నీళ్ళు దారిలోనే ఇంకిపోతుంటే, పుట్టపర్తి సత్యసాయిబాబా ట్రస్టు 2000 తర్వాత పెద్ద ఎత్తున లైనింగు, అంటే నీళ్ళు ఇంకకుండా కాలువకి కాంక్రీటు పరిచే పనులు చేయించింది. సాయిగంగ అన్న పేరు అలా వచ్చిందే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సైకిల్ మీద ఈ కాలువ పక్కన వెళుతున్నంతసేపూ ఈ నీళ్ళు ఎక్కడివో గుర్తొస్తూనే ఉంటుంది. చెన్నైలో మన ఇంటి కుళాయిలో వచ్చే నీళ్ళలో వీటి వాటా కూడా ఉంది.

నేనూ మా బావమరిదీ కారు వెనక ర్యాక్‌కి రెండు సైకిళ్ళు కట్టుకుని రెడ్‌హిల్స్, పెరియపాళయం మీదుగా తెల్లవారేసరికి ఊత్తుకోట చేరాం. టిఫిన్ అక్కడే కానిచ్చేయండి. బస్టాండు చుట్టుపక్కల చిన్న హోటళ్ళలో ఆరున్నరకే వేడి ఇడ్లీ, పొంగలి దొరుకుతాయి, తెలుగులో అడిగితే తెలుగులోనే వడ్డిస్తారు. ఇక్కడ వదిలేస్తే పూండి దాకా కడుపు నిండే తిండి ఆశించొద్దు.

గట్టు దారి అంతా ఒకేలా ఉండదు. మొదట్లో ఎర్రమట్టి బాగా అణిగి ఉంటుంది, ట్రాక్టరు చక్రాల గాడి పట్టుకుంటే గంటకు 20 కిలోమీటర్ల వేగం హాయిగా వస్తుంది. కొంతదూరం పోయాక కంకర వేసిన ముక్కలు తగులుతాయి. గుప్పెడంత రాళ్ళు, రోలరు తిప్పలేదు. అక్కడ హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే చేతులు అదిరిపోతాయి. కాస్త వదులుగా పట్టి, బరువు వెనక్కి వేసి, సైకిల్‌ని దాని దారిన పోనివ్వాలి. ఇంకొన్నిచోట్ల కాలువలోంచి తీసి పోసిన పూడిక ఎండి పెచ్చులు కట్టి ఉంటుంది. పైకి గట్టిగానే కనిపిస్తుంది గానీ చక్రం ఎక్కగానే పొడైపోతుంది. 40 మిల్లీమీటర్ల టైర్లు ఈ దారికి సరిపోయాయి. నా బరువు 70 కిలోలు. ముందు టైరులో 32, వెనక టైరులో 36 పీఎస్ఐ ఒత్తిడితో గాలి నింపి తొక్కితే కంకర మీద కూడా నడుము పట్టేయలేదు. మా బావమరిది 28 మిల్లీమీటర్ల రోడ్డు టైర్లతో వచ్చాడు. కంకర ముక్కలన్నిటా పాపం దిగి నడిచాడు.

అసలు టెన్షన్ రాళ్ళది కాదు, ముళ్ళది. గట్టుకి రెండువైపులా సర్కారు తుమ్మ. పశువుల కాపర్లు కొమ్మలు నరికి దారిలోనే పడేస్తారు. ఎండిన ముల్లు బొటనవేలంత పొడుగు, మేకులా దిగుతుంది. నా వెనక టైరు ట్యూబ్‌లెస్. ముల్లు లాగగానే లోపల పోసిన తెల్లటి సీలెంటు, అంటే రంధ్రాలు మూసే ద్రవం, బుసబుసమని నురగ కట్టింది. ఆ రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి పట్టుకుంటే అర నిమిషంలో ఆగిపోయింది. మా బావమరిది ట్యూబుల సైకిల్‌కి ఆ సుఖం లేదు. దారి పక్క ఊళ్ళో పంక్చర్ షాపు ఉంది, అతను మంచివాడు, ట్యూబు చక్కగా అతికించాడు. కానీ సన్న వాల్వుకి అతని పంపు పట్టలేదు. చవగ్గా దొరికే చిన్న ఇత్తడి అడాప్టరు మా బావమరిది జేబులో ఉండబట్టి బయటపడ్డాం. రెండు స్పేర్ ట్యూబులు, ఆ అడాప్టరు, చేతిపంపు, ఇవి లేకుండా ఈ గట్టు ఎక్కొద్దు.

ఒక షట్టరు దగ్గర చెట్టు కింద ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్ముతున్న అవ్వ మమ్మల్ని ఆపి మరీ పలకరించింది.

"యాడికి నాయనా, ఈ ఎండలో?"

"పూండి దాకా అవ్వా."

"సైకిళ్ళ మీదనా! పోండి గానీ, కాలవలో మాత్రం దిగబాకండి. పైకి నిదానంగా పోతా ఉన్నట్టుంటాయి నీళ్ళు. లోపల ఈడ్చుకుపోతాయి."

ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. లైనింగు చేసిన కాలువ ఒడ్డు ఏటవాలు కాంక్రీటు, నీళ్ళు తగిలే చోట పాచి పట్టి ఉంటుంది. గజ ఈతగాడికైనా పైకెక్కడానికి పట్టు దొరకదు. సీసా నింపుకోవడానికి వంగడం, ఫొటో కోసం అంచున నిలబడటం, రెండూ వద్దే వద్దు. పిల్లల్ని తీసుకెళితే నీటికి దూరంగా ఉండే వైపే నడిపించండి. ఈ గట్లు నీటిపారుదల శాఖవాళ్ళు తనిఖీకి వాడుకునే దారులు. గేటు వేసి ఉన్నా, సిబ్బంది వద్దన్నా మారుమాట లేకుండా ఊరి రోడ్డు పట్టాలి.

పూండి దగ్గర పడుతుండగా దారి కాస్త పైకి లేస్తుంది, ఒక్కసారిగా చెరువు కనబడుతుంది. కొసస్థలై నదికి అడ్డంగా కట్టి 1944లో పూర్తి చేసిన జలాశయం ఇది. పని మొదలుపెట్టించిన మద్రాసు మేయర్ సత్యమూర్తి పేరే దానికి పెట్టారు. నిండితే 3.23 టీఎంసీలు. జనవరిలో నీళ్ళు అంచుల దాకా ఉన్నప్పుడు నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ మొండిచెట్ల మీద బారులు తీరి కూర్చుంటాయి.

పూండిలో ఓ గంట ఆగేవాళ్ళు ఆదిమానవుల మ్యూజియం చూడకుండా రావద్దు. చిన్నదే, కానీ ఈ దారికి అర్థం చెప్పేది అదే. ఇక్కడికి దగ్గర్లోని అత్తిరంపాక్కంలో 1863లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాతి గొడ్డళ్ళు కనుక్కున్నాడు. అక్కడే దొరికిన మరికొన్ని పనిముట్ల వయసు 3,85,000 ఏళ్ళ దాకా ఉంటుందని 2018లో పరిశోధకులు తేల్చారు. మనం టైరు కింద నలుపుతూ వచ్చిన గులకరాళ్ళలాంటి రాళ్ళతోనే వాళ్ళు పనిముట్లు చెక్కుకున్నారు. గుడియం గుహలు కూడా ఈ పక్కనే, కానీ ఆఖరి దారి సైకిల్‌కి కాదు, కాళ్ళకే.

ఇక బస. చెరువు పక్కన రాత్రి ఉండాలని ఎవరికైనా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ కుటుంబంతో ఉండదగ్గ చోటు అక్కడ నా కంటపడలేదు. దగ్గర్లోని తిరువళ్ళూరే నయం. రైల్వే స్టేషన్ చుట్టుపక్కల లాడ్జీలున్నాయి, శుభ్రం ఫర్వాలేదు. మేము దిగిన లాడ్జీలో గదిలోకి సైకిళ్ళు రానివ్వలేదు, మెట్ల కింద తాళం వేసుకోమన్నారు. లక్ష రూపాయల సైకిల్‌ని వీధిలోకి తెరిచి ఉండే మెట్ల కింద వదిలి ఎవరు నిద్రపోతారు? ఫోన్‌లో బుక్ చేసేటప్పుడే ఈ సంగతి అడిగి, ఒప్పుకున్నాకే డబ్బు కట్టండి. ఊళ్ళో వీరరాఘవస్వామి గుడి చుట్టూ ఉన్న మెస్సుల్లో భోజనం మాత్రం తృప్తిగా ఉంటుంది.

సైకిల్ అద్దెకు తీసుకునేవాళ్ళకి ఒక్క మాట. నగరంలో గ్రావెల్ సైకిళ్ళు అద్దెకిచ్చే ఓ దుకాణంలో మా స్నేహితుడికి బ్రేకు ప్యాడ్లు పూర్తిగా అరిగిన సైకిల్ ఇచ్చారు. అడిగితే మార్చారనుకోండి, కానీ అడిగేదాకా చెప్పలేదు. టైరు మీది గుబ్బలు, బ్రేకు ప్యాడ్లు, ఈ రెండూ మీరే వంగి చూసుకోండి.

మిగతా దారుల విషయం క్లుప్తంగా చెబుతాను. చెంబరంబాక్కం నగరానికి దగ్గర, చెరువు కూడా పూండి కంటే కాస్త పెద్దది, కానీ చుట్టూ ఫ్యాక్టరీలు, లారీలు, చెత్త తగలబెట్టిన పొగ. ఆఫీసుకు ముందు ఓ గంట తొక్కడానికి పనికొస్తుంది, అంతే. పులికాట్ వైపు బకింగ్‌హామ్ కాలువ పక్కన వెళ్ళాలని నాకు చిన్నప్పటి నుంచీ ఉండేది, కోస్తా నుంచి మద్రాసుకి బియ్యం, కట్టెలు పడవల మీద వచ్చిన దారి కదా. వెళ్ళాక తెలిసింది, 40 మిల్లీమీటర్ల టైర్లు ఆ ఇసుకలో సగం మునిగిపోతాయి. లావు టైర్ల సైకిల్ ఉంటేనే అటు వెళ్ళండి.

కాలం ఎంచుకోవడం దారి ఎంచుకోవడమంత ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా వానలకి గట్టు జారుతుంది, పూండి గేట్లు ఎత్తితే కింద వాగు దారులు మునుగుతాయి. ఒప్పందం ప్రకారం సరిహద్దు దగ్గర ఏడాదికి 12 టీఎంసీలు ఇవ్వాలి. అందులో 8 జూలై నుంచి అక్టోబరు దాకా, 4 జనవరి నుంచి ఏప్రిల్ దాకా. ఎంత వస్తుందన్నది కండలేరులో నిల్వను బట్టి ఉంటుంది. నా ఓటు జనవరి, ఫిబ్రవరి నెలలకే. అప్పుడు మట్టి ఆరి గట్టిపడుతుంది, కాలువలో నీళ్ళు పారే అవకాశం ఉంటుంది, ఈశాన్యం గాలి ఊత్తుకోట నుంచి పూండికి వెళ్ళేటప్పుడు వీపునే తోస్తుంది. అదే గాలి తిరుగు ప్రయాణంలో ఎదురొస్తుంది కాబట్టి, ఎవరైనా ఒకరు కారుని పూండికి తెచ్చేలా చూసుకోండి.

కారు తెచ్చే మనిషికి పొద్దు గడవడం ఎలా అంటారా? సరిహద్దు దాటగానే మన వైపు సురుటపల్లి ఉంది. హాలాహలం మింగి పార్వతీదేవి ఒడిలో తల పెట్టి పడుకున్న శివుడు, పళ్ళికొండేశ్వరుడు, అక్కడ కొలువై ఉన్నాడు. మేము ఊత్తుకోటలో గట్టెక్కుతుంటే మా చెల్లెలు అటు వెళ్ళింది, దర్శనం తీరిగ్గా చేసుకుని మాకంటే ముందే పూండి చేరింది.