లావెన్‌హమ్ స్వాన్: ఓక్ దూలాల కింద రెండు రాత్రులు

లండన్ లివర్‌పూల్ స్ట్రీట్‌లో రైలెక్కి, మార్క్స్ టే స్టేషన్‌లో రైలు మారి, సడ్‌బరీలో దిగాక లావెన్‌హమ్ ఇంకా 11 కిలోమీటర్లు ఉంటుంది. తూర్పు ఇంగ్లండ్‌లో సఫోక్ కౌంటీకి చెందిన ఈ ఊరికి 1961లోనే ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. ముందుగా మాట్లాడుకున్న ట్యాక్సీ మమ్మల్ని నలభై నిమిషాలు నిలబెట్టింది కనుక, సామాను తక్కువ ఉన్నవారు బస్సు వేళలు చూసుకొని బయలుదేరడమే మేలని నా అభిప్రాయం.

హై స్ట్రీట్‌లోని స్వాన్ హోటల్‌ను ఒకే భవనంగా ఊహించుకోకూడదు. 15వ శతాబ్దపు కర్ర ఇళ్లు కొన్ని కాలక్రమంలో కలిసిపోయి హోటల్ అయ్యాయి. అందుకే నడవాలో వెళుతూ ఉంటే రెండు మెట్లు ఎక్కి, మలుపు తిరగగానే మళ్లీ దిగవలసి వస్తుంది. మాకు పాత భాగంలో, మేడమీద గది దొరికింది. నేల వీధివైపు ఎంత వాలి ఉందంటే, మంచం సమంగా ఉండడానికి ఒకవైపు కోళ్ల కింద చెక్క ముక్కలు పెట్టారు. తలుపు దగ్గర దూలం నా నుదుటి ఎత్తులోనే ఉంది.

ఆ దూలం దగ్గరే నేను చాలాసేపు నిలబడిపోయాను. నిలువు స్తంభంతో అది కలిసే చోట ఇనుప మేకు లేదు; బొటనవేలంత లావు ఓక్ చీల ఒకటి కొద్దిగా బయటికి పొడుచుకొని ఉంది. కోనసీమలో మా తాతగారి మండువా లోగిలికి ఏళ్ల తరబడి ఆరబెట్టిన టేకు వాడారు. పచ్చి కర్ర ముట్టవద్దని వడ్రంగులు గట్టిగా చెప్పేవారు. ఇక్కడి వడ్రంగులు మాత్రం కావాలనే పచ్చి ఓక్ వాడారు, ఎందుకంటే ఎండిన ఓక్ ఉలికి లొంగదు. నిలబెట్టిన తర్వాత కర్ర ఆరుతూ, ముడుచుకుంటూ, మెలి తిరుగుతూ అతుకులను మరింత బిగించింది. చట్రం మధ్య ఖాళీలను తడికలతో నింపి, గడ్డి కలిపిన మట్టి మెత్తి, పైన సున్నం కొట్టారు. ఇంత వంకరలోనూ ఇల్లు నిలిచి ఉండడానికి కారణం ఈ చట్రమే; గోడలు కేవలం పూరణ మాత్రమే.

హోటల్‌లో కలిసిపోయిన ఊల్ హాల్‌ను, అంటే ఒకప్పటి ఉన్ని వర్తక భవనాన్ని, తప్పక చూడాలి. 20వ శతాబ్దం తొలినాళ్లలో దాన్ని దూరాన ఉన్న ఆస్కాట్ అనే ఊరికి తరలించాలని విప్పదీస్తే, ఊరివాళ్లు ఊరుకోలేదు. చివరికి మళ్లీ ఇక్కడే నిలబెట్టారు. చీలలతో బిగించిన ఇల్లు కాబట్టే అది సాధ్యమైంది.

ఈ ఊరి సంపద అంతా నీలిరంగు ఉన్ని బట్టలది. 1524 నాటి పన్ను లెక్కల్లో ఇంగ్లండ్‌లోని సంపన్న పట్టణాల్లో ఇది 14వది. తరువాత కోల్చెస్టర్‌లో స్థిరపడ్డ డచ్ నేతగాళ్లు తేలికైన, చౌకైన బట్ట తేవడంతో వ్యాపారం పడిపోయింది. ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టుకొనే స్తోమత లేకపోవడంవల్లనే ఇన్ని పాత ఇళ్లు మనదాకా మిగిలాయి. మార్కెట్ కూడలిలోని గిల్డ్‌హాల్‌కు (పాతకాలపు సంఘ భవనానికి) ఒక పూట కేటాయించండి. నల్లరంగు పూయకుండా వెండి బూడిద ఛాయలో వదిలేసిన ఓక్ ఎంత అందంగా ఉంటుందో అక్కడ తెలుస్తుంది.

హోటల్ బార్ గోడమీద రెండవ ప్రపంచయుద్ధ కాలంలో దగ్గరి విమానస్థావరంనుంచి వచ్చిన వైమానికుల సంతకాలు భద్రంగా ఉన్నాయి. వాళ్లలో ఎందరు తిరిగి ఇల్లు చేరారో అనుకుంటూ ఆ పేర్లు ఒక్కొక్కటే చదివాను.

అద్దె తక్కువ కాదు. అయినా, కర్ర పనితనం మీద మక్కువ ఉన్నవారికి నేను నిస్సంకోచంగా ఈ హోటలే చెబుతాను. సిబ్బంది ఓపికగా మాట్లాడారు. శాకాహారమని ముందే చెప్పడంతో రాత్రి భోజనానికి ఇబ్బంది పడలేదు. గది తీసుకొనేటప్పుడు మాత్రం పాత భాగంలోనిదే కావాలని స్పష్టంగా అడగండి. పై గదిలో ఎవరు నడిచినా పలకలు కిర్రుమంటాయి కనుక, నిద్ర తేలికగా చెదిరేవారు మేడమీది గది తీసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే కింది గది అడగాలి.