చియాంగ్ మాయ్ డోయ్ సుతేప్: లిఫ్టు మానేసి మెట్లెక్కండి

థాయిలాండ్ అనగానే మనవాళ్ళ ప్యాకేజీ టూర్లు బ్యాంకాక్, పట్టాయా, ఫుకెట్‌ల దగ్గరే ఆగిపోతాయి. ఉత్తరాన చియాంగ్ మాయ్ దాకా వెళ్ళేవాళ్ళు తక్కువ. వెళ్తే మాత్రం ఊరికి పడమటి కొండ మీదున్న ఈ బౌద్ధ గుడిని వదలకండి. అసలు పేరు వాట్ ఫ్రా తాట్ డోయ్ సుతేప్, కానీ అందరూ కొండ పేరుతోనే పిలుస్తారు.

స్థలపురాణం తెలుసుకుని వెళ్ళండి, లేకపోతే సగం మజా పోయినట్టే. సుమన థేరుడనే భిక్షువుకు కలలో కనిపించిన చోట బుద్ధుడి ధాతువు దొరికిందట, భుజం ఎముక అంటారు. అప్పట్లో ఈ ఉత్తర ప్రాంతాన్నేలిన లన్నా రాజు క్యూనా ఆయన్ని తన రాజ్యానికి పిలిపించుకున్నాడు. తీరా ప్రతిష్ఠించే వేళకి ఎముక రెండు ముక్కలైంది. ఒకదాన్ని కింద ఊళ్ళోని వాట్ సువాన్ డోక్ గుడిలో పెట్టారు, రెండోదాన్ని ఎక్కడ పెట్టాలో తేలక ఓ తెల్ల ఏనుగు వీపున ఉంచి దాని దారికి వదిలేశారు. అది అడవిలో పడి కొండెక్కి, పైన మూడుసార్లు ఘీంకరించి అక్కడే ప్రాణం విడిచింది. చైత్యం అక్కడే కట్టారు, 1383లో అంటారు. ఆ ఏనుగు విగ్రహం పైన ఆవరణలోనే ఉంది, జనం సెల్ఫీల హడావిడిలో పట్టించుకోకుండా దాటిపోతుంటారు.

పైకి వెళ్ళాలంటే ఎర్ర సాంగ్‌తేవ్, అంటే మన షేర్ ఆటో లాంటిదే, జనం నిండితే గానీ కదలదు. కొండ మొదట్లో ఖ్రూబా సివిచాయ్ విగ్రహం దగ్గర మా డ్రైవరు రెండు చేతులూ స్టీరింగ్ మీంచి తీసి దణ్ణం పెట్టాడు, మాకు గుండె ఆగినంత పనైంది. పెట్టడంలో తప్పేం లేదులెండి, 1935లో ఈ రోడ్డు వచ్చిందంటే ఆ భిక్షువు పుణ్యమే. ఆయన పిలిస్తే జనమే పలుగూ పారా పట్టుకొచ్చి ఆరు నెలల్లోపే వేసేశారు. అంతకుముందు అంతా నడకే.

బండి దిగాక 300కు పైగా మెట్లు, రెండు పక్కలా పైనుంచి కింది దాకా పాకిన నాగుల ఒళ్ళే పిట్టగోడలు. లిఫ్టు కూడా ఉంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మంచిదే, మిగతావాళ్ళు మెట్లే ఎక్కండి, ఏనుగు కథకి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలి కదా! విదేశీయులకి టికెట్టు ఉంది, పెద్ద రేటేం కాదు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి. చెప్పులు విప్పాక మధ్యాహ్నమైతే గచ్చు మీద కాళ్ళు కాలతాయి.

చైత్యం నిండా బంగారు పూత, ఎండలో కళ్ళు నిలవవు. చేతిలో తామర మొగ్గ, అగరుబత్తి, కొవ్వొత్తి పట్టుకుని మూడుసార్లు ప్రదక్షిణ చేస్తారు. వాళ్ళ సంవత్సరాలు పన్నెండు జంతువుల పేర్లతో తిరుగుతుంటాయి, అందులో మేక సంవత్సరంలో పుట్టినవాళ్ళకి ఇదే ప్రత్యేక క్షేత్రమని ఉత్తర థాయ్ వాళ్ళ నమ్మకం. లోపల ఓ భిక్షువు తల మీద నీళ్ళు చిలకరించి మణికట్టుకి తెల్ల దారం కడతాడు, ఆడవాళ్ళని మాత్రం తాకకూడదు కాబట్టి వాళ్ళకి పక్కనున్న మామూలు మనిషి కడతాడు. ఇంకో మూల మోకాళ్ళ మీద కూర్చుని వెదురు గొట్టంలోని పుల్లల్ని గలగలలాడిస్తుంటారు, కింద పడిన పుల్ల మీది అంకెను బట్టి జాతకం చీటీ. వినాయకుడు కూడా ఉన్నాడు, మనవాళ్ళు అక్కడికే పరిగెడతారు.

నచ్చనిది రద్దీ. పదింటికల్లా టూరిస్టు బస్సులు దిగిపోతాయి, ఆ తర్వాత ప్రదక్షిణ కాదు, తోపులాటే. ఏడింటికల్లా పైనుంటే ప్రశాంతంగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లలో వెళ్ళొద్దు, చుట్టుపక్కల పొలాలు, అడవులు తగలబడి ఊరంతా పొగ, పైనుంచి ఏమీ కనబడదు. నవంబరు నుంచి జనవరి మేలు, పొద్దున్నే చలేస్తుంది, స్వెట్టర్ పెట్టుకోండి.

ఓపికుంటే తిరుగు దారిలో బండెక్కకుండా వాట్ ఫా లాట్ అనే గుడి మీదుగా పాత కాలిబాటన దిగండి. దారి తప్పకుండా చెట్లకి కాషాయం గుడ్డపీలికలు కట్టి ఉంటాయి. వానాకాలంలో మాత్రం జారుతుంది, మంచి బూట్లు లేకపోతే ఆ సాహసం వద్దు.