సీబీటీ థెరపిస్టా, సైకోడైనమిక్ థెరపిస్టా?

ఇంటర్వ్యూ అనగానే చెమటలు, లిఫ్ట్ ఎక్కాలంటే భయం... ఇలా ఇబ్బంది ఫలానా అని చెప్పగలిగితే నా మొగ్గు సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చుకోవడానికి సాయపడే మాటల చికిత్స) వైపే. 1960ల్లో అమెరికన్ సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్ రూపొందించిన ఈ పద్ధతి చాలావరకు 20 సెషన్ల లోపే ముగుస్తుంది. ఆలోచనలు రాసుకోవడం, భయపడే పనిని కొంచెం కొంచెంగా చేసి చూడడం లాంటి హోంవర్క్ ఉంటుంది. బద్ధకిస్తే మాత్రం పెద్దగా లాభం ఉండదు.

మనుషులు మారినా అవే గొడవలు మళ్లీ మళ్లీ వస్తుంటే సంగతి వేరు. అప్పుడు సైకోడైనమిక్ థెరపిస్ట్ నయం. ఆ గొడవల మూలాలు వెతుకుతూ చిన్ననాటి అనుబంధాల దాకా వెళ్తారు. ఏడాది పైనే పట్టొచ్చు, ఖర్చూ పెరుగుతుంది. హోంవర్క్ బాధ లేదు కానీ మధ్యలో మౌనాలు ఎక్కువ. కొందరికి అదే టెన్షన్!

ఎవరి దగ్గరికి వెళ్లినా, మూడు నాలుగు సెషన్ల తర్వాత కూడా మనసు విప్పలేకపోతుంటే ఆ మాట వాళ్లతోనే అనండి. మంచి థెరపిస్ట్ నొచ్చుకోరు, అవసరమైతే ఇంకొకరి పేరు చెబుతారు.