మొటిమల గుంటలకు లేజర్ ప్యాకేజీ తీసుకోబోతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి

నిన్న సాయంత్రం ఆ క్లినిక్ మెట్లు దిగి వచ్చాను, ఇప్పటికీ చేతులు వణుకుతూనే ఉన్నాయి. మొటిమలు మిగిల్చిన గుంటలకు చికిత్స వెతుక్కునేవాళ్లకు ఆ ప్రకటనలు కొత్త కాదు; ఒకవైపు గుంటలు పడిన చెంప, పక్కనే నున్నటి చెంప ఉన్న ఫొటోలు ఫోను తెరిచిన ప్రతిసారీ కనబడుతూనే ఉంటాయి. నేనూ వాటిని నమ్మే వెళ్లాను. 6 సెషన్ల లేజర్ ప్యాకేజీకి మొత్తం డబ్బు మొదటి రోజే కట్టేశాను. 2 సెషన్లు పూర్తయ్యాయి, రెండోది జరిగి 5 వారాలైంది. గుంటలు ఉన్నచోటనే ఉన్నాయి. వాటికి తోడు ఇప్పుడు రెండు చెంపల మీదా నలుపు వచ్చి చేరింది.

ఆ నలుపు చూపించడానికే నిన్న వెళ్లాను. డాక్టరు గారు లేరన్నారు, కౌన్సెలర్ ఎదుట కూర్చోబెట్టారు. నేను చెప్పేది సగం కూడా వినకుండా ఆవిడ కంప్యూటర్ తెరను నావైపు తిప్పి, నా ముఖానివే రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి, "చూడండి, ఎంత తేడా వచ్చిందో" అన్నారు. మొదటి ఫొటో చేరిన రోజున తీసినది. వెలుతురు పక్కనుంచి పడుతోంది, ప్రతి గుంటలోనూ నీడ నిలిచి ఉంది. రెండో ఫొటోకు గుండ్రటి దీపం తిన్నగా ముఖానికి ఎదురుగా పెట్టారు, నీడన్నదే లేదు. అంతకన్నా ఘోరం ఏమిటంటే, అది లేజర్ చేసిన 3వ రోజున పరీక్షకని పిలిచి తీసిన ఫొటో. ఎడమ కణత దగ్గర వరసగా ఉన్న సన్నటి గోధుమరంగు పొక్కులను చూసి నేను వెంటనే గుర్తుపట్టాను, ఎందుకంటే ఆ వారమంతా అద్దంలో వాటినే చూసుకున్నాను. అప్పటికి నా ముఖమంతా వాచి ఉంది. వాపు ఉన్నన్నాళ్లు గుంటలు పూడినట్టే కనబడతాయి, వాపు దిగగానే మళ్లీ బయటపడతాయి.

"ఇది వాపు మీద తీసిన ఫొటో అండీ, ఇప్పుడు నా ముఖం చూసి చెప్పండి" అన్నాను. ఆవిడ తల కూడా ఎత్తలేదు. "ఫొటోలో తగ్గింది కదండీ. నలుపు మా లేజర్ వల్ల వచ్చింది కాదు, మీ చర్మ తత్వమే అంత. దానికి వేరే పీలింగ్ ప్యాకేజీ ఉంది, రాయమంటారా?" అన్నారు. వెనక కుర్చీల్లో వాళ్లంతా వింటున్నారు. నాకు గొంతు పెగల్లేదు.

మొదటి రోజున డబ్బు తీసుకున్నప్పుడు కూడా నాది ఈ చర్మమే కదా! వాళ్లు వాడిన ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్ 10,600 నానోమీటర్ల కిరణంతో చర్మంలోని నీటిని వేడెక్కించి, కంటికి కనిపించనంత సన్నటి రంధ్రాల వరుసలుగా కాలుస్తుంది. మధ్యలో వదిలిన చర్మం ఆ గాయాలను మాన్పుకునే క్రమంలో చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ అనే ప్రోటీన్ కొత్తగా పుడుతుంది. గోధుమ, నలుపు ఛాయల చర్మంలో ఆ వేడికీ మంటకూ రంగునిచ్చే మెలనిన్ ఎక్కువగా తయారై, నెలల తరబడి ఉండే నలుపు మిగలవచ్చు. ఇది చర్మవైద్యులందరికీ తెలిసిన సంగతే. అందుకే ఇలాంటి చర్మానికి లేజర్ సాంద్రత, అంటే రంధ్రాల ఒత్తు, తగ్గిస్తారు, ఎండకు కమిలిన ముఖం మీద అసలు చెయ్యరు, ముందూ వెనకా సన్‌స్క్రీన్ వాడిస్తారు. నేను ఎండలో తిరిగి కమిలిన ముఖంతోనే వెళ్లాను, ఎవరూ ఒక్క మాట అడగలేదు. మొటిమలకిచ్చే ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నారా, పెదవుల మీద హెర్పిస్ పొక్కులు వస్తుంటాయా, దెబ్బ తగిలినచోట కెలాయిడ్లు, అంటే ఉబ్బెత్తుగా పెరిగే మచ్చలు, లేస్తాయా అని కూడా అడగలేదు. డాక్టరు గారిని నేను మొదటిసారి చూసింది మత్తు క్రీము రాసుకుని బల్ల మీద పడుకున్నాక. అంగీకార పత్రం అప్పుడే చేతికిచ్చారు. రంగు మారే అవకాశం ఉందన్న వాక్యం అందులో ఉంది, నేను చదవకుండానే సంతకం పెట్టాను. ఆ తప్పు నాదే, రాత్రంతా అదే తలుచుకుని నిద్రపోలేదు.

ఈ ఉదయం వేరే చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్లాను. ఆవిడ గదిలో దీపం తీసేసి, చిన్న టార్చి పక్కనుంచి వేసి, నా చెంపను రెండు వేళ్లతో మెల్లగా సాగదీశారు. అద్దంలో చూస్తుండగానే చాలా గుంటలు చదునైపోయాయి. అలా సాగదీస్తే చదునయ్యేవి రోలింగ్ మచ్చలట. చర్మం కింద నారపోగులు దాన్ని లోపలికి లాగి పట్టుకోవడం వల్ల అవి ఏర్పడతాయి, సూదితో ఆ పోగులను తెంపే సబ్‌సిషన్ వాటికి ముందు చెయ్యవలసిన పని. పైపైన ఎంత లేజర్ చేసినా ఆ పట్టు వదలదు. కణతల దగ్గర సూదితో పొడిచినట్టున్నవి ఐస్‌పిక్ మచ్చలు, వాటి లోతుల్లో గాఢమైన టీసీఏ (ట్రైక్లోరోఎసిటిక్) ఆమ్లాన్ని చుక్కగా పెట్టే పద్ధతి వేరే ఉంది. అంచులు నిటారుగా ఉండే బాక్స్‌కార్ మచ్చలు నాకు నాలుగైదే ఉన్నాయి, లేజర్ ముఖ్యంగా పనికొచ్చేది వాటికే. ఇంత పరీక్షకు ఆవిడకు పట్టింది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు అక్కడ ఎవరూ నా ముఖానికి కేటాయించలేదు.

న్యాయంగా ఒకటి చెప్పాలి. ఏ చికిత్సకైనా కొలాజెన్ ఏర్పడడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది కనుక ఇప్పుడే ఫలితం తేల్చకూడదని ఆవిడే అన్నారు. నాకూ కొంత మేలు జరగవచ్చు. కానీ నెలలు పట్టే పనికి 3వ రోజు ఫొటోను రుజువుగా ఎలా చూపిస్తారు? మచ్చలు తగ్గుతాయే గాని పూర్తిగా చెరిగిపోవని కూడా ఆవిడ సూటిగా చెప్పారు. ఆ మాట అక్కడ ఒక్కసారి విని ఉంటే నేను అంత డబ్బు ఒకేసారి కట్టేదాన్ని కాదు.

వెళ్లేవాళ్లు మీ మచ్చలు ఏ రకానివో డాక్టరు నోటితో చెప్పించుకోండి, సెషన్‌కు సెషన్ డబ్బు కట్టండి, కొత్త మొటిమలు ఇంకా వస్తుంటే ముందు అవి తగ్గించుకోండి. చదునుగా ఉన్న గోధుమ మరకలు గుంటలు కావు. సన్‌స్క్రీన్ వాడుతూ ఓపిక పడితే వాటిలో చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. చెవి కింద ఒక చిన్నచోట లేజర్ చేయించుకుని నలుపు వస్తుందేమో కొన్ని వారాలు ఆగి చూస్తామని అడగండి.

మిగిలిన 4 సెషన్ల డబ్బు తిరిగి ఇవ్వమనీ, నా ఫొటోలు ఎక్కడా వాడవద్దనీ ఈ మధ్యాహ్నం క్లినిక్‌కు రాతపూర్వకంగా పంపాను. ఇంకా జవాబు రాలేదు. ఎడమ కణత దగ్గర వరసగా గోధుమరంగు పొక్కులున్న చెంప ఎప్పుడైనా ఆ ప్రకటనల్లో కనబడితే, అది నాది, 3వ రోజు వాపు మీద తీసినది.