గద్‌ఖాలీ రేవు దాటి సుందర్‌బన్స్‌కి

సుందర్‌బన్స్ మడ అడవులకి పడవ ఎక్కే గద్‌ఖాలీ, కోల్‌కతా నుంచి వంద కిలోమీటర్ల లోపే. అయినా మాకు మూడున్నర గంటలు పట్టింది. బాసంతీ హైవే పేరుకే హైవే, సంతలన్నీ దాని మీదే. కారు గద్‌ఖాలీలో వదిలేయాల్సిందే, అక్కణ్నుంచి పడవే దిక్కు.

మేం చేరేసరికి పాటు, అంటే పోటు తీసి నీళ్లు వెనక్కి పోయే వేళ. నీళ్లు బాగా కిందికి పోయి, రేవు మెట్లు సగం బురదతో తేలాయి. చివరి మెట్టు నుంచి పడవకి ఒక చెక్క వేసి, పట్టుకోవడానికని ఇద్దరు చెరోవైపు వెదురుగడ పట్టుకుని నిలబడ్డారు. మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఆవిడని ఎక్కించేసరికి నాకు చెమటలు పట్టాయి. ఏసీ ఉందని, బుఫే ఉందని పదిసార్లు ఫోన్ చేసిన ప్యాకేజీవాళ్లు ఈ మెట్ల సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. పెద్దవాళ్లతో వెళ్తుంటే ఆ రోజు పోటు ఎన్నింటికో ముందు అడగండి, గది సంగతి తర్వాత.

చవగ్గా వెళ్లాలంటే ఫెర్రీలో నది దాటి గోసాబాలో దిగి, టోటోలో (బ్యాటరీ రిక్షా) లాడ్జిలుండే పాఖిరాలయ్ ఊరు చేరొచ్చు. 1932లో టాగోర్ వచ్చిన, స్కాట్లాండ్ వ్యాపారి డేనియల్ హామిల్టన్ ఎస్టేటు గోసాబాలోనే ఉంది. మేం మాత్రం లాడ్జివాళ్ల పడవలో నేరుగా లాడ్జి ఉన్న దయాపూర్ వెళ్లాం, రెండు గంటలు.

గది శుభ్రంగానే ఉంది. కుళాయి నీళ్లు ఉప్పన, సబ్బు నురగ రాదు. భోజనానికి మాత్రం వంక పెట్టలేను. భేట్కీ అంటే మన పండుగప్పే, ఆవపిండి పులుసులో రెండు పూటలా తిన్నాం. అసలు బాధ పక్క లాడ్జితో. నదికి అవతల పులుల అడవి, ఇవతల రాత్రి పదింటిదాకా డీజే!

అడవిలోకి వెళ్లడానికి పర్మిట్, గైడు తప్పనిసరి. రెండూ సజ్నేఖాలీలోని అటవీశాఖ ఆఫీసులో దొరుకుతాయి. సుధన్యఖాలీ టవర్ ముందు మంచినీటి చెరువు దగ్గర దుప్పులు కనిపించాయి. దోబాంకీలో వల కప్పిన ఎత్తైన నడకదారి ఉంది. జంతువులు బయట, మనం బోనులో.

మొత్తం యాత్రలో డబ్బుకి తగ్గ సేవ అంటే మా గైడుదే. "చెట్లలో వెతక్కండి, బురద చూడండి" అన్నాడు వచ్చీరాని హిందీలో. ఒక కాలువ మలుపులో పడవ ఆపించాడు. మడచెట్ల శ్వాసవేళ్లు మేకుల్లా పొడుచుకొచ్చిన ఒడ్డు మీద, నీళ్ల నుంచి పైకి వరసగా అడుగులు. అరచేయంత గుంటలు, అంచులు ఇంకా చెదరలేదు, అడుగున నీళ్లు ఊరుతున్నాయి. పోటు వచ్చినప్పుడల్లా ఒడ్డు తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి, కనిపించే ప్రతి గుర్తూ ఆ పాటులో పడిందేనట. అంటే పులి పొద్దున్నే ఈదుకుంటూ ఇటు వచ్చిందన్నమాట. 2022 లెక్కల్లో భారత్ వైపు దాదాపు వంద పులులున్నాయి. మాకు ఒక్కటీ కనపడలేదు. ఆ గుంటలు చూశాక పెద్దగా వెలితి అనిపించలేదు. పక్క పడవవాళ్లు మాత్రం "పైసా వసూల్ కాలేదు" అని గైడుతో గొడవ పెట్టుకున్నారు. పాపం, అతనేం చేస్తాడు?

తిరిగి గద్‌ఖాలీ చేరేసరికి నిండు పోటు. పడవ అంచు, మెట్టు ఒకే ఎత్తులో ఉన్నాయి. అత్తయ్యగారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి, వెనక్కి తిరిగి చూసి, "మొన్న మనం ఎక్కింది ఈ రేవు కాదుగా?" అన్నారు.