టీచర్ల ప్రార్థన ప్లానర్: ఒక టర్మ్ వాడాక

ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతాను. ఈ ప్లానర్‌లో ప్రతి పేజీలో ముందు ప్రార్థనకు, బైబిల్ వాక్యానికి చోటు ఉంది. పీరియడ్ల గడులు ఆ తర్వాతే. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థించాడని మార్కు 1:35లో ఎన్నోసార్లు చదివాను. అయినా పేపర్లు దిద్దే టెన్షన్‌లో లేవగానే ఫోనే చూసేదాన్ని. ఇప్పుడు ముందు ఈ పేజీ తెరుస్తున్నాను.

నాకు బాగా పనికొచ్చింది "ఎవరికి అప్పగించాలి" అనే గడి. నిర్గమకాండము 18లో ఉదయం నుంచి సాయంత్రం దాకా మోషే ఒక్కడే తీర్పు తీరుస్తుంటే, మామ యిత్రో పని పంచమన్నాడు కదా. నోటుబుక్కులు పోగుచేసే పని పిల్లలకే ఇచ్చాను. మిగిలిన పది నిమిషాల్లో వెనక బెంచీ అమ్మాయి పక్కన కూర్చున్నాను. తనకు భిన్నాలే అర్థం కావట్లేదని అప్పుడే తెలిసింది.

ఆదివారానికీ పనుల జాబితా పెట్టడం మాత్రం నచ్చలేదు. ఆ పేజీ ఖాళీగానే వదిలేస్తున్నాను.