కుక్కకు పాలసీనా, నెలనెలా ఆర్డీనా: ఏది మేలు?

మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం మియాపూర్ నుంచి చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, సింబా పొద్దుటి నుంచి కక్కుతూనే ఉన్నాడు, నీళ్లు కూడా ఆగట్లేదు" అంది. సింబా రెండేళ్ల లాబ్రడార్. ముందురోజు రాత్రి ఇంటిల్లిపాదీ బంగినపల్లి పళ్లు తిని టెంకలు ప్లేటులో వదిలేశారు. లెక్కపెట్టి చూస్తే ఒకటి తక్కువ. స్కానింగ్‌లో తేలింది, టెంక పేగులో అడ్డంపడింది. ఆ రాత్రే ఆపరేషన్. మూడు రోజుల సెలైన్లు, మందులు కలిపి 48,000 రూపాయల బిల్లు.

చెల్లి సింబాకు వైద్య ఖర్చుల బీమా పాలసీ తీసుకుంది. నేను మా నల్లోడికి తీసుకోలేదు. వాడు సైనిక్‌పురిలో మా వీధి చివర దొరికిన నాటు కుక్క. వాడు ఇంటికొచ్చిన నెల నుంచే బ్యాంకులో నెలకు వెయ్యి రూపాయల ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) కడుతున్నాను. అది పూర్తయితే మళ్లీ ఇంకోటి. ఈ రెండిళ్ల లెక్కలూ పక్కపక్కన పెట్టి చూశాకే ఇది రాస్తున్నాను.

ముందు పాలసీ సంగతి. చెల్లి రెండేళ్లలో కట్టిన ప్రీమియం దాదాపు 13,000. టెంక ఆపరేషన్‌కు ఆమె చేతికి వచ్చింది 36,000. మిగతాది పాలసీ ప్రకారం మనమే భరించాల్సిన వాటా అనీ, పాలసీలో లేని ఖర్చులనీ కోసేశారు. క్లినిక్‌లో క్యాష్‌లెస్, అంటే బిల్లు కంపెనీయే నేరుగా కట్టే పద్ధతి, లేదు కాబట్టి ఆ రాత్రి మొత్తం బిల్లు కార్డు మీదే కట్టింది. డబ్బు రావడానికి ఐదు వారాలు పట్టింది. అయినా లాభమే, కాదనను.

అదే సింబాకు చలికాలంలో చెవి చీము పట్టింది. ఆ క్లెయిమ్ మాత్రం తిప్పికొట్టారు. పాలసీ తీసుకోకముందు రాసిన ఒక పాత చీటీలో చెవి ఇన్‌ఫెక్షన్ అని ఉందట, అంటే ముందునుంచే ఉన్న జబ్బు అన్నారు. లాబ్రడార్లకు చెవులు వేలాడుతుంటాయి, లోపల తడి ఆరదు, ఈ బాధ మళ్లీ మళ్లీ వచ్చేదే. తరచూ వచ్చేదానికే పాలసీ పనికిరాలేదని చెల్లి చాలా బాధపడింది.

ఇక నా లెక్క. పోయిన వానాకాలంలో నల్లోడు రెండు రోజులు పెరుగన్నం ముట్టలేదు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు తెల్లకాగితంలా ఉన్నాయి. చెవి మడతల్లో, కాలివేళ్ల మధ్య గోమార్లు. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. గోమార్ల నుంచి వచ్చే ఎర్లీకియా అన్నారు డాక్టర్ గారు. డాక్సీసైక్లిన్ 28 రోజులు, మధ్యలో ఆపకూడదు అని గట్టిగా చెప్పారు. పరీక్షలు, మందులు కలిపి 9,000 అయింది. ఆర్డీ డబ్బు తీశాను, ఫారాలు లేవు, ఎవరినీ బతిమాలుకోలేదు. టీకాలు, నులిపురుగుల మందు, గోమార్లకు మెడ మీద వేసే చుక్కలు, పళ్ల శుభ్రం లాంటి ఏటేటా తప్పని ఖర్చులు మామూలుగా పాలసీలు ఇవ్వవు. వాటికీ ఈ డబ్బే.

ఆర్డీకి ఒక పెద్ద లోటుంది. నెలకు వెయ్యి చొప్పున 48,000 చేరాలంటే నాలుగేళ్లు. ఆరో నెలలోనే టెంక అడ్డంపడితే చేతిలో ఉండేది 6,000. కుక్కపిల్ల దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసూ, ఆర్డీలో డబ్బు లేని కాలమూ ఒకటే. ఈ ఒక్క కారణంగా నేను పాలసీని కొట్టిపారేయలేను.

ఇంకోటి, పాలసీ తీసుకున్నవాళ్లు కూడా పెద్దగా పట్టించుకోనిది: మన కుక్క ఎవరినైనా కరిస్తే వాళ్లకు మనం కట్టాల్సిన పరిహారం. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో పార్సిల్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు, కుక్క తన మీదికి రావడంతో భయపడి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు పిండేస్తుంది. అపార్ట్‌మెంట్‌లో పెద్ద కుక్కను పెంచేవాళ్లు ఈ కవర్ ఉన్న పాలసీ చూసుకోవాలి. దానికంటే ముందు తలుపు తీసేటప్పుడు గొలుసు పట్టుకోవాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల్ని మరిచిపోవద్దు. నారాయణగూడలో సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఖర్చు చాలా తక్కువ, ఓపిక మాత్రం కావాలి. జూలై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల మీద అవగాహన దినం) నాడు రేబీస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. కానీ అర్ధరాత్రి ప్రాణం మీదికొస్తే దగ్గర్లో తెరిచి ఉన్న ప్రైవేటు క్లినిక్‌కే పరుగెత్తుతాం, అక్కడ డబ్బు కావాలి.

నా మాట ఇది. ఖరీదైన జాతి పిల్లను తెచ్చుకుని, ఒక్కసారిగా 40, 50 వేలు తీయడం కష్టమయ్యే ఇల్లయితే మొదటి మూడు నాలుగేళ్లు పాలసీ మేలు. అదీ జబ్బు ఒక్కటీ చీటీకెక్కక ముందే తీసుకోవాలి. నాటు కుక్కకైనా, వయసు మళ్లినదానికైనా ఆర్డీ మేలు. కొత్తగా చేరడానికి పాలసీల్లో వయసు పరిమితి ఉంటుంది. తొమ్మిదేళ్ల నల్లోడి కోసం ఇప్పుడు అడిగితే ఎక్కడా ఒప్పుకోలేదు.

సంతకం పెట్టేముందు వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక క్లెయిమ్‌కు ఆగాల్సిన గడువు) ఎన్ని రోజులు, మన వాటా ఎంత, జాతిని బట్టి వచ్చే తుంటి కీళ్ల లాంటి జబ్బులు ఇస్తారా లేదా అని అడిగి, జవాబు ఈమెయిల్‌లో రాయించుకోండి. టీకా కార్డులో ఒక్క తేదీ తప్పినా పార్వో, డిస్టెంపర్ లాంటి టీకాతో ఆగే వైరస్ జబ్బుల క్లెయిమ్‌లు పోవచ్చు. మున్సిపల్ కార్పొరేషన్ లైసెన్సు, మైక్రోచిప్ నంబరు, ఫొటోలు ఒకే ఫైల్లో ఉంచండి.

క్లెయిమ్ అన్యాయంగా కొట్టేశారనిపిస్తే ముందు కంపెనీకి ఫిర్యాదు రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆ ఆఫీసు మన హైదరాబాద్‌లోనే ఉంది, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. చెవి క్లెయిమ్ అప్పుడు మాకీ సంగతి తెలియదు.

చెల్లి ఈ ఏడు పాలసీ రెన్యూ చేసింది. పక్కనే సింబా పేరు చెప్పి నెలకు 500 ఆర్డీ కూడా మొదలుపెట్టింది. మామిడి టెంకలు ఇప్పుడు మూతున్న డబ్బాలోకి వెళ్తున్నాయి.